గృహమునకు ఫైర్‌వాల్ పరికరము: వేగము పెరిగిన ఇంటర్నెట్టుకు దేనిని ఎన్నుకొనవలెను?

మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పాత పల్లెలను చూచినవారికి ఒక దృశ్యము సుపరిచితము. ఇండ్లు వీధికి ఇరుప్రక్కల బారులు దీరి, ఒక ఇంటి గోడయే ప్రక్క ఇంటికిని గోడయై పొడవుగా సాగిపోవుచుండును. తాటాకు కప్పుల కాలమున ఒక పొయ్యినుండి రవ్వ లేచినచో కాలునది ఒక ఇల్లు కాదు, ఒక వరుస. ఇట్టి ఆపదను నివారించుటకే పాశ్చాత్యులు కట్టడముల నడుమ మంటను దాటనీయని దళసరి గోడను లేపి, దానికి ఫైర్‌వాల్ అని పేరిడిరి. కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఆ పేరునే ఎరువు తెచ్చుకొనిరి. తెలుగున కొందరు దీనిని అగ్నికుడ్యమనిరి గాని ఆ మాట నిఘంటువును దాటి అంగడివరకు రాలేదు. కావున మేమును ఫైర్‌వాల్ అనియే వ్రాయుచున్నాము.

నిజమునకు ఈ పరికరము గోడకంటె ద్వారమునకు దగ్గర. 1713లో కట్టిన విజయనగరము కోటను చూడని విద్యార్థి ఉండడు. దాని ప్రధానద్వారమునకు నగారాఖానా అని పేరు. (నక్కారా అను ఉర్దూ మాట మన నగారాయై, ఒక తెలుగు కోటకు గుమ్మమై నిలిచినది. ఈ కళాశాలలో రెండు భాషలవారికిని ఇది పనికివచ్చు సంగతి.) కోటగోడ ఎవరినీ రానీయదు. ద్వారము కొందరిని రానిచ్చును, కొందరిని ఆపును. లోపలినుండి పనిమీద వెలుపలికి పోయినవాడు తిరిగి వచ్చినపుడు కాపలావాడు వానిని గుర్తుపట్టి లోనికి పంపును. మునుపెన్నడు చూడనివాడు వచ్చి లోనికి పోయెదనన్నచో అడ్డగించును. ఫైర్‌వాల్ చేయు పని అచ్చముగా ఇదియే.

ఇంటర్నెట్టులో సమాచారము ఏకధారగా ప్రవహింపదు. చిన్నచిన్న మూటలుగా, అనగా ప్యాకెట్లుగా విడివడి ప్రయాణించును. సాధారణముగా ఒక్కొక్క మూట పరిమాణము 1500 బైట్లకు మించదు. ప్రతి మూటపైని ఎక్కడనుండి వచ్చినది, ఎక్కడికి పోవునది, ఏ పనికి సంబంధించినది అను చిరునామా వ్రాసియుండును. ఇంటిలోని కంప్యూటరు వెలుపలికి ఒక మూటను పంపినపుడు ఫైర్‌వాల్ తన పట్టికలో ఒక పద్దు వ్రాసుకొనును. దానికి జవాబుగా వచ్చిన మూటను పట్టికతో సరిచూచి లోనికి విడుచును. పద్దు లేని మూటను పారవేయును. ఈ జాగ్రత్త ఊరక పుట్టినది కాదు. 1988 నవంబరు 2వ తేదీన మోరిస్ పురుగు అను ఒక ప్రోగ్రాము నాటి చిన్న ఇంటర్నెట్టులో వ్యాపించి, ఆ కాలపు అంచనా ననుసరించి సుమారు 6 వేల యంత్రములను స్తంభింపజేసినది. అంతవరకు పరస్పర విశ్వాసముతో తలుపులు తీసియుంచిన విశ్వవిద్యాలయములు ఆ పిమ్మట గడియలు బిగించుకొనుట నేర్చినవి.

ఇంతవరకు పాఠము. ఇక ఈ విషయము నేడు మన ఇండ్లకు ఎందుకు వచ్చినదో చూతము.

మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా లభించినది. టెలిఫోను తీగపై గిలగిలలాడుచు వచ్చెడి ఆ వేగము నేటి విద్యార్థులు ఊహింపలేరు. 2004లో ప్రభుత్వ విధానము బ్రాడ్‌బాండుకు నిర్ణయించిన కనీసవేగము సెకనుకు 256 కిలోబిట్లు. 2013లో అది 512 కిలోబిట్లయినది. 2023లో 2 మెగాబిట్లయినది. మన రాష్ట్రమున 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకమును జాతికి అంకితము చేసిరి. నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్ల వేగము, టీవీ ప్రసారములు, టెలిఫోను కలిపి ఇచ్చుట నాటి ప్రకటన. ఆ పథకమునకై వేల కిలోమీటర్ల ఫైబరును నేలలో పాతక విద్యుత్ స్తంభములమీదుగా లాగిరి. ఊరి కేబుల్ ఆపరేటరే దానిని ఇంటింటికి చేర్చెను. నేడు మన పట్టణములలో వివిధ సంస్థలు 100, 200, 300 మెగాబిట్ల పథకములను ఇచ్చుచున్నవి. కొన్ని అంతకు మించియు ఇచ్చుచున్నవి.

వేగము పెరిగినచో అంతయు మేలే యనుకొందుము. కాని 15 మెగాబిట్ల నాడు సుఖముగా పనిచేసిన ద్వారపాలకుడు 300 మెగాబిట్ల నాడు చతికిలబడవచ్చును. గుమ్మము ముందు వంద బండ్లు నిలిచిపోయినచో దారి వెడల్పు చేసి ప్రయోజనమేమి?

మా ఎరుకలోని ఒక కుటుంబమును ఉదాహరణముగా చెప్పుదుము. శ్రీకాకుళము పట్టణమున ఉండు ఆ ఇంట తండ్రి చిరువ్యాపారి. పెద్దకుమార్తె ఒక సాఫ్ట్‌వేరు సంస్థకు ఇంటినుండియే పనిచేయుచున్నది. చిన్నవాడు పోటీపరీక్షల పాఠములను తెరపై వినుచున్నాడు. కుమార్తె పనికి చాలుటలేదని 50 మెగాబిట్ల పథకమును 200కు మార్పించిరి. నెలనెలా ఎక్కువ సొమ్ము పోవుచున్నది, కాని వేగము కొలిచినపుడెల్ల 94కు మించుట లేదు. పై అధికారి ఆమెతో మాట్లాడు వేళ బొమ్మ ఆగిపోవుచున్నది, ఉద్యోగము ఊగిసలాడుచున్నది. అంగడివాడు వచ్చి ఇరువది వేల రూపాయల ఫైర్‌వాల్ పెట్టె కొనుడని సలహా ఇచ్చెను. ఆ సొమ్ము చిన్నవాని శిక్షణరుసుములో సగము.

కారణము విచారింపగా అతిసామాన్యము. వారి పాత రౌటరునకు గల ఈథర్నెట్ రంధ్రములు 100 మెగాబిట్ల తరగతివి. అందులో ప్యాకెట్ల చిరునామాలు మొదలగు ఖర్చులు పోగా ఇంటివారికి చేతికందునది సుమారు 94, 95. ఆ సంఖ్య కనబడినచో వేరొక పరీక్ష అక్కరలేదు. 100 తరగతి రంధ్రమో, లేదా తీగ లోపమో దారిని బిగించియుంచినదని నిశ్చయింపవచ్చును. తీగ సంగతియు వినుడు. నెట్‌వర్కు కేబులులో 8 సన్నని తీగలు, అనగా 4 జంటలు ఉండును. 100 మెగాబిట్లకు రెండు జంటలు చాలును. 1000 మెగాబిట్లకు, అనగా గిగాబిట్టుకు, నాలుగు జంటలును కావలెను. ఎలుక కొరికియో, తలుపుసందున నలిగియో ఒక తీగ తెగినచో పరికరములు రెండును మౌనముగా 100కు దిగిపోవును. ఎవరికిని చెప్పవు. వేలు పోసి ఫైర్‌వాల్ కొనుటకు ముందు కొద్దిపాటి సొమ్ముతో క్యాట్ 5ఇ తరగతి కేబులు మార్చి చూచుట బుద్ధిమంతుని లక్షణము. ఆ ఇంట గిగాబిట్ రంధ్రములుగల మామూలు రౌటరు చాలినది.

ఇంకొక భ్రమను కూడ ఇచ్చటనే తొలగింపవలెను. సంస్థలు చెప్పునవి మెగాబిట్లు. తెరపై సినిమా దిగుమతి యగునపుడు కనబడునవి తరచు మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు. కావున 100 మెగాబిట్లనగా సెకనుకు 12.5 మెగాబైట్లే. ఇది మోసము కాదు, కొలమానముల భేదము. అట్లే వేగమును వైఫైపై కొలువరాదు. 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫైలో సాధారణముగా లభించు వేగము 100 మెగాబిట్లకు దిగువనే యుండును. మన పాత మండువా ఇండ్ల గోడలు మూరెడు మందము, 5 గిగాహెర్ట్‌జ్ తరంగము రెండు గోడలు దాటుసరికి నీరసించును. ముందు కేబులుతో కొలిచి, ఆ పిమ్మట దోషమెవరిదో నిర్ణయింపవలెను. వైఫై చేసిన తప్పునకు ఫైర్‌వాలును దండించు ఇండ్లను మేము పెక్కు చూచితిమి.

ఇక ఫైర్‌వాల్ శక్తిని కొలుచు విధానము. అమ్మువారు ప్రకటనలలో మెగాబిట్లు చెప్పుదురు గాని యంత్రమునకు శ్రమ కలిగించునది బిట్ల సంఖ్య కాదు, మూటల సంఖ్య. కాపలావాడు మూట పెద్దదైనను చిన్నదైనను చిరునామా ఒక్కసారి చదువవలసినదే. 300 మెగాబిట్ల దారిపై నిండు మూటలు నడచినచో సెకనుకు సుమారు 24 వేలు. గిగాబిట్ దారిపై సుమారు 81 వేలు. కాని అదే గిగాబిట్ దారిపై 64 బైట్ల చిన్న మూటలు నడచినచో సెకనుకు 14 లక్షల 88 వేలు! సినిమాలు, దిగుమతులు పెద్ద మూటలు. మాటలు, ఆటలు చిన్న మూటలు. పెద్ద మూటలతో పరీక్షించి గిగాబిట్ అని అట్టపెట్టెమీద అచ్చువేసిన పరికరము చిన్న మూటల వరదకు నిలువకపోవచ్చును. ఇంటివాడుకలో ఇంత వరద రాదు, నిజమే. అయినను పెట్టెమీది సంఖ్యకు అర్థమేమో విద్యార్థి తెలిసికొనవలెను గదా.

ఇంతకంటె ముఖ్యమైనది ఒకటి కలదు. పరికరపు వివరపత్రికలో వేగము ఒక్కటి కాక రెండు, మూడు, నాలుగు సంఖ్యలు వ్రాసియుండును. దృష్టాంతమునకు, చిన్న కార్యాలయములు వాడు ఫోర్టిగేట్ 40ఎఫ్ అను పరికరము తీసికొందము. తయారీదారులు దానికి ఇచ్చిన ఫైర్‌వాల్ వేగము 5 గిగాబిట్లు. కాని మూటల లోపలిభాగమును కూడ విప్పిచూచి దుష్టప్రోగ్రాములను వెదకు పనులన్నియు చేయించినచో వేగము 600 మెగాబిట్లని అదే పత్రికలో గలదు. అనగా ఎనిమిదవ వంతు! దాచినదేమియు లేదు, తయారీదారులు నిజమే వ్రాసిరి. మొదటి వరుస మాత్రము చదివి మడిచిపెట్టునది కొనువారే. స్నార్ట్, సురికాటా మొదలగు తనిఖీ ప్రోగ్రాములను సొంతముగా నడుపువారికిని ఇదియే న్యాయము. చిరునామా చదువుట వేరు, మూటను విప్పుట వేరు.

మామూలు రౌటర్లలో వేరొక కిటుకు కలదు. వాటి ప్రాసెసరు బలహీనము. అయినను అవి వందల మెగాబిట్లు నడుపగలుగుట, ఒకసారి అనుమతించిన ధారను ఆ పిమ్మట ప్రాసెసరుతో పనిలేక ప్రత్యేక విద్యుత్‌పరిపథము ద్వారా పంపుటవలన. తల్లిదండ్రుల నియంత్రణ, వాడుక లెక్కలు, వేగపు పంపకము మొదలగు సదుపాయములను వాడదలచినపుడు పెక్కు రౌటర్లలో ఈ అడ్డదారి మూతపడును. అంతట ప్రతి మూటయు ప్రాసెసరు చేతికి పోవలెను, వేగము సగమునకో పావునకో పడును. పిల్లవాని ఆటలను రాత్రి తొమ్మిదింటికి ఆపు మీట నొక్కిన తండ్రి, ఆ రోజునుండి సంస్థవారు వేగము తగ్గించిరని ఫిర్యాదు చేయుట మేమెరిగినదే.

పీపీపీఓఈ అను పద్ధతిని కూడ గమనింపవలెను. వాడుకరి పేరు, రహస్యపదము ఇచ్చి సంబంధము కల్పించుకొను ఈ పద్ధతిని మన ప్రాంతమున పలు సంస్థలు వాడుచున్నవి. ప్రతి మూటకు 8 బైట్ల అదనపు తొడుగు వేయుదురు, కావున 1500కు బదులు 1492 బైట్లే మిగులును. అది స్వల్పము. కష్టమెక్కడనగా, ఫ్రీబీఎస్‌డీ పునాదిపై నడచు పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ వంటి ఫైర్‌వాల్ వ్యవస్థలలో ఈ తొడుగు విప్పు పని చిరకాలము ప్రాసెసరులోని ఒక్క కోరు మీదనే పడుచు వచ్చినది. నాలుగు కోరులున్నవని మురిసి నిదానపు కోరులుగల యంత్రము కొనినచో, నలుగురు కూలీలలో ముగ్గురు చేతులు కట్టుకొని నిలుచుండగా ఒక్కడు మోయును. ఇట్టి సంబంధము గలవారు కోరుల సంఖ్యకంటె ఒక్కొక్క కోరు బలము చూడవలెను.

ఇప్పుడు పరికరముల సంగతి. అంగట దొరకు సరకు అనేక విధములు.

సంస్థవారు బిగించి పోవు పెట్టెలోనే ఒక చిన్న ఫైర్‌వాల్ కలదు. ఒకరిద్దరు నివసించు ఇంటికి, 100 మెగాబిట్లలోపు వేగమునకు, దాని రహస్యపదము మార్చినచో చాలునని మా అభిప్రాయము. తరువాత సొంతముగా కొనుక్కొను రౌటరు. ఇందులో గిగాబిట్ రంధ్రములు, తయారీదారు నేటికిని భద్రతా సవరణలు పంపుచున్న నమూనా అను రెండు లక్షణములు చూచిన చాలును. రెండవ లక్షణమును అంగడివాడు చెప్పడు, మనమే తయారీదారు పుటలో తేదీలు చూచుకొనవలెను. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అను స్వేచ్ఛావ్యవస్థకు అనువైన నమూనాయైనచో తయారీదారు విడిచిపెట్టినను ఆయుష్షు మిగులును. 2002లో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ 54జీ అను రౌటరు మూలప్రోగ్రాము బహిర్గతమగుటవలన 2004లో ఈ ఉద్యమము పుట్టినది. విద్యార్థులు చదువదగిన చరిత్ర అది.

మూలనబడిన పాత డెస్క్‌టాపును ఫైర్‌వాలుగా మార్చుట మన కుర్రవారికి ప్రీతి. ఇంకొక నెట్‌వర్కు కార్డు తగిలించిన చాలును, ఖర్చు స్వల్పము, నేర్చుకొనునది అధికము. మేము దీనిని నిరుత్సాహపరుపము. అయితే ఇంటికి శాశ్వతముగా పెట్టుటకుముందు కరెంటు లెక్క వేయుడు. పాత డెస్క్‌టాపు 60 వాట్లు తినుననుకొన్నచో రోజునకు 1.44 యూనిట్లు, నెలకు 43 యూనిట్లు. 10 వాట్ల చిన్న యంత్రమైనచో నెలకు 7 యూనిట్లు. ఆ 36 యూనిట్ల భేదము చిన్న ఇంటి బిల్లును పై శ్లాబులోనికి నెట్టవచ్చును. ఉచితముగా వచ్చిన యంత్రము రెండేండ్లలో తన వెలను తానే వసూలు చేసికొనును. ప్రయోగమునకు డెస్క్‌టాపు, సంసారమునకు చిన్నపెట్టె అని మా మాట.

రాస్ప్‌బెర్రీ పై అను అరచేతిపలక మరొక ఆకర్షణ. దాని 3బీ ప్లస్ నమూనాకు గిగాబిట్ రంధ్రమున్నను లోపలిమార్గము యూఎస్‌బీ 2.0 కావున 300 మెగాబిట్లకు మించి రాదని చేసినవారే చెప్పిరి. 4వ నమూనాలో, అనగా 2019లో, ఆ లోపము తొలగినది. కాని రంధ్రము ఒక్కటియే. ద్వారపాలకునికి లోపలివైపు ఒకటి, వెలుపలివైపు ఒకటి, రెండు కావలెను గదా.

కార్యాలయములు తీసివేసిన పాత ఫైర్‌వాల్ పెట్టెలు చౌకగా దొరకును. రూపు గంభీరము, ఇనుపపెట్టె, ముందు వరుసగా దీపములు. ఇవి వార్షిక చందాపై బ్రతుకునవి. చందా ముగిసిన పిమ్మట కొత్త దుష్టప్రోగ్రాముల జాబితా రాదు, పెక్కింటికి వ్యవస్థా సవరణలు సైతము రావు. ఫైర్‌వాలులోనే కన్నమున్నచో దొంగకు తాళపుచెవి మనమే ఇచ్చినట్లు. వీటి ఫ్యానుల రొద చదువుకొను గదిలో భరింపరానిది. ఎంత చౌకయైనను ఇంటికి వలదని మేము నిర్మొహమాటముగా చెప్పుచున్నాము.

ఇక ఫ్యాను లేని చిన్నకంప్యూటరు. ఇంటెల్ ఎన్100 అను ప్రాసెసరు 2023లో వచ్చినది. నాలుగు కోరులు, 6 వాట్ల తరగతి, గుప్తలేఖనమునకు కావలసిన ఏఈఎస్ ఆదేశములు కలవు. దీనికి రెండో నాలుగో నెట్‌వర్కు రంధ్రములు చేర్చిన పెట్టెలు దొరకుచున్నవి. గిగాబిట్ దారిని సాధారణ కాపలాతో తేలికగా నడుపును. ఓపీఎన్‌సెన్స్ వంటి వ్యవస్థ వేయువారు ఇంటెల్ నెట్‌వర్కు చిప్పులు గలదానిని ఎంచుకొనుట మంచిది, ఫ్రీబీఎస్‌డీకి వాటితో సఖ్యత హెచ్చు. వెల మాత్రము మామూలు రౌటరునకు అనేక రెట్లు. ఇంటినుండి ఉద్యోగము చేయువారు, దూరపు కార్యాలయమునకు రహస్యమార్గము కల్పించుకొనువారు, నేర్చుకొనవలెనను పట్టుదలగల విద్యార్థులు దీనికి అర్హులు. పాటలు, వార్తలు చూచు ఇంటికి ఇది పెండ్లికి రెండు బ్యాండుమేళముల వంటిది.

పరికరమెంత మంచిదైనను మన ఊరి వాతావరణమును తట్టుకొనవలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినపుడు ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలతోపాటు కరెంటు స్తంభములు నేలకూలినవి. స్తంభము కూలినచో దానిపైని ఫైబరును తెగును. అది మనచేతిలో లేదు. మామూలు కరెంటుకోత మనచేతిలోనిది. చిన్నపెట్టెలు 12 వోల్టుల డీసీపై నడచునవి కావున ఫైబరుపెట్టెకు, ఫైర్‌వాలుకు కలిపి ఒక చిన్న యూపీఎస్ చాలును. పిడుగులకు ఫైబరు గాజు కావున విద్యుత్తును మోయదు గాని, దానిని మోయుటకు జతచేసిన ఉక్కుతీగ మోయును. డాబామీదుగా ప్రక్క గదికి లాగిన రాగి నెట్‌వర్కు కేబులు కూడ మోయును. ఉరుములు మొదలైనపుడు ప్లగ్గుతోపాటు ఆ కేబులును కూడ ఊడదీయవలెను. ప్లగ్గు తీసి కేబులు మరచినవారి పెట్టెలు కాలుట కలదు. కళింగపట్నము, బారువ, భావనపాడు వంటి తీరగ్రామములలో ఉప్పుగాలికి లోహపు కొనలు చిలుమెక్కును. ఫ్యానుగల యంత్రము ఆ గాలిని తానే లోపలికి పీల్చుకొనును. అందుచేతను ఫ్యాను లేని పెట్టెయే మేలు. దానిని బీరువాలో బంధింపక, మే నెల ఎండకు గోడ వేడెక్కని చోట, నేలకు ఎత్తుగా ఉంచవలెను.

అమర్చునపుడు వచ్చు చిక్కు ఒకటి తరచుగా అడుగుచుందురు. సంస్థవారి పెట్టె ఒక కాపలా, మన పెట్టె మరొక కాపలా యైనచో చిరునామాల మార్పిడి రెండుమార్లు జరుగును. ఆటలు, కొన్ని కాల్స్ తడబడును. సంస్థవారిని అడిగి వారి పెట్టెను బ్రిడ్జి పద్ధతిలో పెట్టించినచో కాపలా మన ఒక్కదానికే మిగులును. ఇంతకంటె గంభీరమైనది ఐపీవీ6 విషయము. పాత పద్ధతిలో ఇంటిలోని పరికరములకు బయటి చిరునామా లేదు, పలు సంస్థలు ఒకే బయటి చిరునామాను అనేక గృహములకు పంచుచున్నవి. కోరకయే కొంత మరుగు లభించినది. కొత్త పద్ధతిలో ఇంటి టీవీకి, కెమేరాకు, ఫోనునకు విడివిడిగా ప్రపంచమంతటికి తెలియగల చిరునామా కలుగును. ఐపీవీ4కు కాపలా యుంచి ఐపీవీ6కు తలుపు తెరచియుంచిన రౌటర్లు ఉన్నవి. పరికరము కొనునపుడు అంగడివానిని ఈ ఒక్క ప్రశ్న అడుగుడు. జవాబు తెలియనివానివద్ద కొనకుడు.

కెమేరాల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. 2016లో మిరాయి అను దుష్టప్రోగ్రాము ఇండ్లలోని కెమేరాలను, రికార్డరులను లక్షల సంఖ్యలో వశపరచుకొని, అక్టోబరు 21న అమెరికాలోని డిన్ అను సంస్థపై దాడిచేయగా పెక్కు ప్రసిద్ధ సైట్లు గంటలకొలది మూతపడినవి. మిరాయి చేసిన మహావిద్య ఏదియు లేదు. తయారీదారు పెట్టిన రహస్యపదమును యజమానులు మార్చకపోవుటయే దాని బలము. ఇంటి ఆడబిడ్డలు తిరుగు వరండాను చూచు కెమేరా పరుల చేతిలో పడుట ఎంత ఘోరము! వైఫైలో అతిథుల కొరకు వేరు విభాగము ఇచ్చు రౌటరును కొని, కెమేరాలను, టీవీలను ఆ విభాగమున నుంచినచో, అవి చెడినను చదువుల కంప్యూటరు చెడదు. పరికరములు తమంతట తామే వెలుపలికి తలుపు తీసికొను యూపీఎన్‌పీ అను సదుపాయమును ఆపివేయవలెను.

ఫైర్‌వాల్ చేయలేనిదియు కలదు. బ్యాంకు పేరుతో ఫోను చేసి ఓటీపీ అడుగువానిని ఏ పరికరమును ఆపలేదు. నేడు వెబ్‌సైట్ల రాకపోకలలో అధికభాగము గుప్తలేఖనముతో సాగుచున్నది కావున మూట లోపలి విషయము కాపలావానికి కనబడదు కూడ. మోసపోయినవారు 1930 సంఖ్యకు వెంటనే ఫోను చేయవలెను. కేంద్రప్రభుత్వము 2017లో నెలకొల్పిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము యంత్రములను శుభ్రపరచు ప్రోగ్రాములను ఉచితముగా ఇచ్చుచున్నది.

కార్యవర్గమువారికి ఒక విన్నపము. కళాశాలల కంప్యూటరు ప్రయోగశాలలకును ఈ లెక్కలే వర్తించును, ఒక్క భేదముతో. ఇంటిలో ముఖ్యము వేగము, ప్రయోగశాలలో ముఖ్యము పట్టిక. ఒక్కొక్క యంత్రము ఒకేసారి కొన్ని వందల సంబంధములు తెరచియుంచును. 40 యంత్రములకు పట్టికలో పదివేల పద్దులు తేలికగా దాటును. చౌక రౌటరు పట్టిక నిండగానే కొత్త పుటలు తెరచుకొనవు, వేగము కొలిచిన మాత్రము బాగుగనే యుండును. పీఎఫ్‌సెన్స్ వంటి వ్యవస్థలో పద్దు ఒక్కటికి సుమారు ఒక కిలోబైటు జ్ఞాపకశక్తి పట్టును. అనగా లక్ష పద్దులకు 100 మెగాబైట్లు. 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తిగల చిన్నకంప్యూటరు ఒకటి పెద్ద ప్రయోగశాలనే మోయగలదు. చందాలతో కూడిన ఖరీదైన పరికరమునకు టెండరు పిలుచుటకు ముందు, మూలనబడిన ఒక డెస్క్‌టాపును, ఇద్దరు ముగ్గురు చివరి సంవత్సరపు విద్యార్థులను ఒక నెలరోజులు ఆ గదిలో కూర్చుండబెట్టినచో, ఎంతటి యంత్రము కావలెనో వారే లెక్కతో సహా వ్రాసియిత్తురు.